దిగిన కాళ్లు పైకి రానంటే

ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి, ట్యాంకు నిండా ఇంధనం ఉంది. అయినా మోటార్‌హోమ్ అంగుళం కదలదు, బండిని మట్టంగా నిలపడానికి కింద దించిన జాకీల్లో ఒకటి పైకి రాలేదు కాబట్టి. అమెరికాలో క్యాంప్‌గ్రౌండ్లు ఖాళీ చేసే పొద్దుటి వేళల్లో ఈ ఇబ్బంది కొత్తేమీ కాదు. అలాంటప్పుడు చాలామంది మొదట చేసేది బటన్ మళ్లీ మళ్లీ నొక్కడం. దాంతో పని జరగకపోతే ‘పంపు పోయింది’ అని తేల్చేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. ఎందుకు తప్పో తెలిస్తే, పనిముట్ల పెట్టె తెరవకముందే లోపం ఎటువైపు ఉందో చాలావరకు తేలిపోతుంది. జాకీని కిందికి తోసే బలం వేరు, దాన్ని పైకి తెచ్చే బలం వేరు. జాకీ ఎక్కడ ఆగిపోయిందో చూస్తే ఏ బలం కరువైందో చెప్పవచ్చు. మరమ్మతు అక్కడి నుంచే మొదలవ్వాలి.

మోటార్‌హోమ్ అంటే పడకలు, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఒకే బండిలో అమర్చిన ఇల్లు. అమెరికాలో ఆర్వీ అని పిలిచే బళ్లలో ఇదొక రకం. ఆర్వీల్లో అధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. బస్సంత ఉండే మోటార్‌హోమ్‌లను క్లాస్ ఏ అంటారు. వీటిలో ఎక్కువగా కనిపించే ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ బళ్లు 26 వేల పౌండ్ల దాకా, అంటే దాదాపు 12 టన్నుల దాకా తూగుతాయి. పెద్ద డీజిల్ బళ్ల బరువు ఇంకా ఎక్కువ. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా వేసవి సెలవుల్లోనో, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో ఇలాంటి బండి అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి చోట్లకు వెళ్తుంటాయి. పెద్ద అద్దె కంపెనీలిచ్చే చిన్న బళ్లలో చాలావాటికి ఈ జాకీలు ఉండవు. సొంతదారుల దగ్గర నేరుగా తీసుకునే క్లాస్ ఏ బళ్లకు మామూలుగా ఉంటాయి. తాళాలు చేతికిచ్చేటప్పుడు జాకీలు ఎలా దించాలో చూపిస్తారు. పైకి రాకపోతే ఏం చేయాలన్నది మాత్రం ఎక్కువగా చెప్పకుండానే మిగిలిపోతుంది.

బండిని మట్టంగా నిలపడం సుఖం కోసమే అనుకోకూడదు. పడుకున్నప్పుడు తల కిందికి వాలకుండా ఉండటం, స్నానం నీళ్లు తూము వైపే పారడం సరే, చాలా బళ్లలో అంతకంటే ముఖ్యమైన కారణం ఫ్రిజ్. మన ఇళ్లలోని ఫ్రిజ్‌లా దానికి కంప్రెసర్ ఉండదు. గ్యాస్ మంటతోనో కరెంటు వేడితోనో అమ్మోనియా కలిసిన నీళ్లను మరిగిస్తుంది. ఆవిరైన అమ్మోనియా చల్లబడి ద్రవమై, మళ్లీ ఆవిరయ్యేటప్పుడు ఫ్రిజ్ లోపలి వేడిని లాక్కుంటుంది. 1922లో స్వీడన్‌లో బాల్ట్సార్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ విద్యార్థులుగా ఉండగా రూపొందించిన పద్ధతి ఇది. ఇందులో కదిలే భాగాలు లేవు కాబట్టి ద్రవం తన వాలుకు తానే పారాలి. బండి ఎక్కువగా ఒరిగి ఉంటే ద్రవం దారిలో నిలిచిపోతుంది, మరిగే చోట గొట్టం ఎండి విపరీతంగా వేడెక్కుతుంది, చివరికి లోపలి రసాయనం గడ్డకట్టి దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. కొత్త బళ్లలో కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నా, పాత రకానివి ఇంకా ఎన్నో వాడుకలో ఉన్నాయి. అందుకే ఎక్కడ ఆగినా ముందు జాకీలు దించుతారు. రోజూ దించే కాళ్లు రోజూ లేవాలి కూడా.

ఈ జాకీల తీరు మన పల్లెల్లో బోరు వేసే లారీని దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలిసిందే. డ్రిల్లింగ్ మొదలుపెట్టే ముందు ఆ లారీ హైడ్రాలిక్ కాళ్లు దించి, టైర్ల మీది బరువును వాటి మీదికి మార్చుకుని, కదలకుండా నిలబడుతుంది. మోటార్‌హోమ్‌లో 12 వోల్టుల మోటారు ఒక చిన్న పంపును తిప్పుతుంది. ఆ పంపు చదరపు అంగుళానికి 3 వేల పౌండ్ల స్థాయి ఒత్తిడి తెచ్చి ఆయిల్‌ను సిలిండర్లోకి తోస్తుంది. సిలిండర్లోంచి మెరిసే ఉక్కు రాడ్ కిందికి దిగి, దాని చివరి పాదం నేలకు ఆనుతుంది. కావలసిన ఎత్తు రాగానే ఆయిల్ దారిలోని సోలినాయిడ్ వాల్వు మూసుకుంటుంది. సోలినాయిడ్ అంటే కరెంటు పారినంతసేపు అయస్కాంతంగా మారే తీగచుట్ట. అది వాల్వు లోపలి చిన్న కడ్డీని లాగితే దారి తెరుచుకుంటుంది, వదిలేస్తే మూసుకుంటుంది. మూసుకున్నాక ఆయిల్ ఎటూ పోలేదు కాబట్టి బండి దిగదు. రాత్రంతా పంపు నిశ్శబ్దంగా ఉన్నా అన్ని టన్నుల బరువు నిలిచి ఉండేది మూసుకున్న ఆ వాల్వు వల్లే.

బరువు ముందు, స్ప్రింగు తర్వాత

పైకి రావడం దీనికి తిరగేసిన పని కాదు. చాలా మోటార్‌హోమ్‌లలో ఉండే జాకీలు స్ప్రింగులతో లేచే రకం. సిలిండరు పక్కన పొడవాటి బలమైన స్ప్రింగులు తగిలించి ఉంటాయి. జాకీ దిగేకొద్దీ అవి సాగుతాయి. వాల్వు తెరిస్తే ముడుచుకుంటూ రాడ్‌ను పైకి లాగుతాయి. రాడ్ లోపలికి పోతూ సిలిండర్లోని ఆయిల్‌ను దాని ట్యాంకులోకి వెనక్కి నెడుతుంది. ఇందులో పంపుకు ఏ పాత్రా లేదు. దించేటప్పుడు గట్టిగా రొద చేసేది పంపు, లేపేటప్పుడు ఆ రొద వినిపించదు. అందువల్ల అది చచ్చిపోయిందన్న అనుమానం కలుగుతుంది. కానీ ఈ రకం జాకీల్లో బటన్ నొక్కాక మోటారు తిరగకపోవడం లోపం కాదు, అది ఉండవలసిన తీరే. పంపు మార్చినా, కొత్త మోటారు వేసినా, లేవని జాకీ లేవదు. పైగా నిన్న సాయంత్రం బండిని పైకెత్తింది ఆ పంపే. అది పని చేస్తోందనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి?

మరికాస్త లోతుగా చూస్తే ఈ లేవడంలో రెండు ఘట్టాలున్నాయి. వాల్వు తెరుచుకున్న క్షణంలో రాడ్ మీద టన్నుల కొద్దీ బరువు ఉంటుంది. ఆ బరువే ఆయిల్‌ను వెనక్కి తోసేస్తుంది, బండి కుంగుతూ టైర్ల మీదికి దిగుతుంది. ఇది మొదటి ఘట్టం. ఇక్కడ స్ప్రింగు బలం లెక్కలోకి రానంత చిన్నది. బరువంతా టైర్ల మీదికి వచ్చాక పాదం మీద భారం పోతుంది, ఇక తోసేవాళ్లు లేరు. అక్కడి నుంచి రాడ్‌ను సిలిండర్లోకి పూర్తిగా లాగాల్సింది స్ప్రింగులు మాత్రమే. ఇది రెండో ఘట్టం. మొదటి ఘట్టంలో టన్నుల బలం పని చేస్తుంది కాబట్టి కొద్దిపాటి తుప్పు, మురికి, చిక్కబడ్డ ఆయిల్ దాన్ని ఆపలేవు. రెండో ఘట్టంలో పని చేసేది స్వల్పమైన బలం కాబట్టి వాటిలో ఏ ఒక్కటైనా ఆపేయగలదు. కనుక అడగాల్సిన మొదటి ప్రశ్న: బటన్ నొక్కినప్పుడు ఆ మూల బండి కిందికి దిగిందా, లేదా?

దిగలేదంటే దాదాపుగా వాల్వు తెరుచుకోలేదనే అర్థం. తెరుచుకుని ఉంటే అంత బరువు కింద ఆయిల్ ఆగదు. అప్పుడు స్ప్రింగులకు నూనె రాయడం, రాడ్ తుడవడం వృథా శ్రమ. వెతకాల్సింది వాల్వుకు వెళ్లే కరెంటు దారిలో. బండి దిగింది, టైర్లు బరువు మోస్తున్నాయి, కానీ పాదం నేలను రాసుకుంటూనో నేలకు కొన్ని అంగుళాల పైన వేలాడుతూనో ఆగిపోయింది అంటే వాల్వు తెరుచుకున్నట్టే. అప్పుడు ఫ్యూజులు మార్చడం, కంట్రోల్ ప్యానెల్ విప్పడం వృథా శ్రమ. చూడాల్సింది రాడ్‌ను, స్ప్రింగులను, ఆయిల్‌ను. ఇంత తేలికైన పరీక్షకు మీటరు అక్కర్లేదు, బండికి కాస్త దూరంగా నిలబడి ఆ మూలను గమనిస్తే చాలు. దీనితో పాటు ఇంకొకటి చూడాలి: మొరాయించింది ఒక్క కాలా, అన్నీనా? అన్నీ ఒకేసారి మొండికేస్తే అన్నింటికీ ఉమ్మడిగా ఉండే బ్యాటరీ, ఫ్యూజ్, గ్రౌండ్ వైరు, కంట్రోల్ ప్యానెల్‌లో వెతకాలి. ఒక్కటే అయితే ఆ కాలికే చెందిన వాల్వు, తీగ, స్ప్రింగు, రాడ్ దగ్గర మొదలుపెట్టాలి.

బండి దిగనప్పుడు

కరెంటు దారిని మొదటి నుంచి చివరిదాకా వరసగా చూడాలి. చాలా బళ్లలో ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి పార్కింగ్ బ్రేక్ వేసి ఉంటేనే జాకీల ప్యానెల్ ఆజ్ఞలు తీసుకుంటుంది. బయల్దేరే తొందరలో బ్రేక్ ముందే వదిలేస్తే ప్యానెల్ పలకదు, అక్కడ చెడిపోయింది ఏమీ ఉండదు. తర్వాత బ్యాటరీ. పూర్తిగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ ఏ భారమూ లేనప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపాలి. సోలినాయిడ్ చుట్ట బలమైన అయస్కాంతం కావాలంటే దానికి సరిపడా వోల్టేజి అందాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే ప్యానెల్ దీపాలు వెలుగుతూనే ఉంటాయి, వాల్వు మాత్రం తెరుచుకోదు. దీపాలు వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు బాగుందనుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు. ఇంజను స్టార్ట్ చేస్తే ఆల్టర్నేటర్ వోల్టేజిని 13.5 పైకి తెస్తుంది. అప్పుడు బటన్ నొక్కితే జాకీ లేచిందంటే, చూడాల్సింది బ్యాటరీని, దాని కనెక్షన్లను.

బ్యాటరీ బాగున్నా ఆ కరెంటు వాల్వు దాకా చేరకపోవచ్చు. ఈ పరికరాలు బండి అడుగున రోడ్డు నీళ్లకు, బురదకు, మంచుదేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకు దగ్గరగా ఉంటాయి. గ్రౌండ్ వైరు ఛాసిస్‌కు బిగించిన చోట బోల్టు కింద తుప్పు, రాగి కొనల మీద ఆకుపచ్చటి చిలుము పట్టడం మామూలే. బయటికి తీగ బిగుతుగానే కనిపిస్తుంది, లోపల కరెంటుకు దారి ఉండదు. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొనను వాల్వుల గ్రౌండ్ వైరు బిగించిన చోట ఆనించి, పక్కనున్నవాళ్లను బటన్ నొక్కమనాలి. మీటరు సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో చిలుము కరెంటును మింగుతోందన్నమాట. బోల్టు విప్పి, రెండు వైపులా లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగిస్తే సరిపోయే పని ఇది. దీన్ని చూడకుండా కొత్త ప్యానెల్ కొన్నవాళ్లకు ఖర్చూ మీద పడుతుంది, లోపమూ మిగులుతుంది.

కరెంటు వాల్వు దాకా వస్తోందా అని తెలుసుకోవడానికి చెవి, చెయ్యి కూడా పనికొస్తాయి. బటన్ నొక్కగానే వాల్వు దగ్గర చిన్న ‘టక్’ శబ్దం రావాలి. ఇనుప స్క్రూడ్రైవర్ కొనను సోలినాయిడ్ చివర ఆనిస్తే, కరెంటు పారుతున్నప్పుడు అయస్కాంతం దాన్ని పట్టి లాగడం చేతికి తెలుస్తుంది. లాగుడు లేకపోతే కరెంటు రాలేదు, లేదా చుట్ట కాలిపోయింది. లాగుడు ఉండి కూడా బండి దిగకపోతే లోపలి కడ్డీ ఇరుక్కుని ఉండవచ్చు. చాలా వ్యవస్థల్లో దీనికి తయారీదారులే ఒక విరుగుడు పెట్టారు. ఒక నాబ్‌నో, చిన్న పిడినో, స్క్రూనో మెల్లగా తిప్పితే కరెంటుతో పని లేకుండా వాల్వు తెరుచుకుంటుంది. అలా తెరవగానే బండి దిగి జాకీ లేచిందంటే సిలిండరు, స్ప్రింగులు, ఆయిల్ అన్నీ బాగున్నాయని, లోపం కరెంటుదో వాల్వుదో అని తేలిపోయినట్టే. ప్రయాణం ఆగదు, మరమ్మతు ఇంటికి చేరాక చేయించుకోవచ్చు. చేత్తో తెరిచినా దిగలేదంటే గొట్టం నలిగిందో, రాడ్ వంగిందో చూడాలి. తెరిచిన వాల్వును తిరిగి మూయడం మరిచిపోకూడదు. మరిచిపోతే తర్వాతి మజిలీలో ఆ జాకీ బరువు పట్టి నిలవదు.

బండి దిగి, పాదం వేలాడినప్పుడు

రెండో ఘట్టంలో ఆగిన జాకీ కథ ఎక్కువగా రాడ్ మీదే రాసి ఉంటుంది. మంచి రాడ్ అద్దంలా నున్నగా మెరుస్తుంది. సిలిండరు మూతి దగ్గర ఉండే సీలు దాన్ని బిగువుగా చుట్టుకుని ఆయిల్ బయటికి రాకుండా, మురికి లోపలికి పోకుండా కాస్తుంది. రెండు వారాలు ఒకేచోట జాకీలు దించి ఉంచితే ఆ నున్నటి రాడ్ గాలికీ వానకీ బయటే ఉంటుంది. దాని మీద దుమ్ము పడుతుంది, వాన చినుకులు ఎండి తెల్లటి మచ్చలు కడతాయి, రోడ్డు బురద చిన్న చిన్న పెంకులుగా గట్టిపడుతుంది, సముద్రం దగ్గరైతే సన్నటి తుప్పు చుక్కలు మొలుస్తాయి. వేలితో రాస్తే గరుకు తెలుస్తుంది. ఆ గరుకు సీలును దాటి లోపలికి పోవాలి, లాగేది స్ప్రింగు మాత్రమే. అందుకే రాడ్ సగంలో ఆగుతుంది. శుభ్రమైన గుడ్డతో రాడ్‌ను తుడిచి, తయారీదారు చెప్పిన సిలికాన్ స్ప్రే కొద్దిగా చల్లి, జాకీని రెండు మూడుసార్లు దించి లేపితే చాలావరకు దారికి వస్తుంది. ఇసుక కాగితంతో మాత్రం రుద్దకూడదు. పైపూత గీరుకుపోతే సీలు చిరిగి, అక్కడి నుంచి ఆయిల్ కారడం మొదలవుతుంది.

రాడ్ శుభ్రంగా ఉండి కూడా లేవకపోతే స్ప్రింగుల వంతు. ఒక స్ప్రింగు తెగినా, కొక్కెం ఊడినా, ఏళ్ల తరబడి సాగి బలం తగ్గినా పాదం నేల దాకా వేలాడుతుంది. పక్క జాకీ స్ప్రింగులతో పోల్చి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. ఆ తర్వాత ఆయిల్. చాలామంది తయారీదారులు సూచించేది ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే రకం ఆయిల్. గడ్డకట్టే చలిలో అది చిక్కబడి గొట్టాల్లో నెమ్మదిగా కదులుతుంది. అప్పుడు కావలసింది మరమ్మతు కాదు, ఓపిక. కొన్ని వ్యవస్థల్లో ప్యానెల్ దీపాలు ఆరిన తర్వాత కూడా వాల్వులు కొన్ని నిమిషాలు తెరిచే ఉంటాయి. తొందరపడి ఇగ్నిషన్ ఆపేస్తే వాల్వు మూసుకుని జాకీ సగంలోనే నిలిచిపోతుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మురికితో మూసుకుపోయినా తిరిగి వచ్చే ఆయిల్‌కు అడ్డు తగులుతుంది. నేల కూడా ఒక్కోసారి పట్టేస్తుంది: బురదలో కూరుకున్న పాదం, ఎండకు మెత్తబడ్డ తారులో దిగిన పాదం, చలికాలం రాత్రి నేలతో పాటు గడ్డకట్టిన పాదం స్ప్రింగుకు లొంగవు. దించే ముందే పాదాల కింద వెడల్పాటి చెక్కలు వేస్తే ఈ మూడింటిలో చాలా ఇబ్బంది తప్పుతుంది.

అభ్యంతరాలు, జవాబులు

అన్ని జాకీలూ స్ప్రింగులతో లేచేవి కావు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కొన్నింటిలో ఆయిల్ ఒత్తిడే రాడ్‌ను కిందికీ తోస్తుంది, పైకీ లాగుతుంది. అక్కడ లేపడానికి కూడా పంపు తిరగాలి, మోటారు రొద వినిపించాలి. అయినా పైన చెప్పిన సూత్రం మారదు: దించే దారి, లేపే దారి వేరు. ఇలాంటి కొన్ని వ్యవస్థల్లో మోటారు ఒకవైపు తిరిగితే జాకీ దిగుతుంది, రెండోవైపు తిరిగితే లేస్తుంది. ఒక్కో దిక్కుకు ఒక్కో రిలే, అంటే మోటారుకు కరెంటు అందించే స్విచ్, ఉంటుంది. దించే రిలే బాగుండి లేపే రిలే కాలిపోతే, నిన్న చక్కగా దిగిన జాకీ ఇవాళ లేవదు, అక్కడ కూడా పంపు నిర్దోషే. ఇలాంటి కొన్నింటిలో మోటారు చివరి మూత తీసి, బ్యాటరీ డ్రిల్లుతో పంపును తిప్పి కాళ్లు లేపుకునే ఏర్పాటు ఉంది. పూర్తిగా కరెంటు మోటారు, మరలతో నడిచే జాకీల్లో చేత్తో తిప్పే హ్యాండిల్‌కు చోటు ఉంటుంది. కాబట్టి బండి ఎవరిదైనా, ఏ రకానిదైనా, బయల్దేరేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది: ఈ జాకీని పైకి తెచ్చేది బరువూ స్ప్రింగా, ఆయిలా, మరా?

ఇది ప్రమాదకరమైన పని, మామూలు మనుషులకు నేర్పడం తగునా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. ప్రమాదం ఉన్న మాట వాస్తవం. అందుకే నేర్పాలి, ఎందుకంటే తెలియనివాళ్లే ముందు బండి కిందికి దూరుతారు. మట్టం చేసే ఈ జాకీల మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి ఎవరూ ఏ కారణంతోనూ పోకూడదు. వాల్వు తెరుచుకుంటే టన్నుల బరువు చెప్పాపెట్టకుండా దిగుతుంది. చేత్తో వాల్వు తెరిచేది కూడా బండి పక్కన నిలబడి చెయ్యి అందే చోట ఉంటేనే. దానికి బండి కిందికి దూరాల్సి వస్తే మెకానిక్‌ను పిలవాలి. చాలా మోటార్‌హోమ్‌లలో పార్కింగ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలను మాత్రమే. వెనక చక్రాలు గాల్లో ఉండగా జాకీలు అస్తవ్యస్తంగా దిగితే బండి దొర్లిపోవచ్చు, కాబట్టి చక్రాలకు ముందే అడ్డుదిమ్మలు పెట్టాలి. కొన్ని జాకీలు లేవగానే పక్కకు మడుచుకుంటాయి. ఆ స్ప్రింగు దెబ్బ ఎముక విరవగలదు, దాని దారిలో చెయ్యి పెట్టకూడదు. ఆయిల్ ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడటం మరీ ప్రమాదం. అంత ఒత్తిడితో సూదిబెజ్జంలోంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అట్టముక్క అడ్డం పెట్టి చూడటమే క్షేమం.

ఇన్ని జాగ్రత్తలు తీసుకునే బదులు మొదటే మెకానిక్‌ను పిలవచ్చు కదా అంటే, పిలవచ్చు. వంగిన రాడ్, తెగిన గొట్టం, లోపల ఇరుక్కున్న వాల్వు అతని పనే. కానీ జాతీయ పార్కుల మధ్య, ఫోను సిగ్నల్ కూడా అందని చోట్ల ఆర్వీ మెకానిక్ ఆ పూటకు దొరుకుతాడన్న నమ్మకం లేదు. దొరికినా, ‘జాకీ పని చేయట్లేదు’ అని చెప్పడానికీ, ‘కుడివైపు వెనక మూల బండి దిగింది, కానీ పాదం నాలుగు అంగుళాల దగ్గర ఆగింది, మిగతా మూడూ బాగున్నాయి’ అని చెప్పడానికీ చాలా తేడా ఉంది. రెండో మాట విన్న మెకానిక్ ఏ సామాను తెచ్చుకోవాలో ఫోన్లోనే తేల్చుకోగలడు. పంపు మార్చాలని ఎవరైనా అంటే, ‘ఈ జాకీలు స్ప్రింగులతో లేచేవి కదా, పంపుతో ఏం పని?’ అని బండి యజమాని అడగగలుగుతాడు. మెకానిక్‌ను అనుమానించడానికి కాదు ఈ తెలివిడి, అతనితో కలిసి పని చేయడానికి.

కొత్త బళ్లలో ప్యానెలే లోపం ఏమిటో చెప్పేస్తుందన్న వాదన కూడా ఉంది. వోల్టేజి తగ్గినా, సెన్సార్ పలకకపోయినా ప్యానెల్ చెబుతుంది, అది మంచిదే. రాడ్ మీద బురద ఎండిందని, స్ప్రింగు సాగిపోయిందని మాత్రం చెప్పలేదు. ఒక్కోసారి జాకీ పూర్తిగా లేచినా సెన్సార్ స్విచ్ చెడిపోయి ‘జాకీ దిగి ఉంది’ అని హెచ్చరిక మోగుతూనే ఉంటుంది. దీనికి తిరగబడ్డ పరిస్థితి ఇంకా ప్రమాదం: దీపం ఆరిపోయి ఉంటుంది, పాదం మాత్రం నేలకు దగ్గరగా వేలాడుతూ ఉంటుంది. ఆ స్థితిలో బండి కదిలితే రాడ్ వంగుతుంది, ఛాసిస్‌కు బిగించిన చోటు చీలిపోవచ్చు. అందుకే దీపం ఏం చెప్పినా, బయల్దేరే ముందు బండి చుట్టూ ఒకసారి నడిచి, వంగి, నాలుగు పాదాలనూ కళ్లతో చూసుకోవాలి. ఏ ప్యానెలూ ఆ చూపుకు సాటి రాదు.

రాడ్‌కు ఏదైనా రాస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుందని వాదించే ఆర్వీ యజమానులూ ఉన్నారు. జిడ్డుగా ఉండే గ్రీజు రాస్తే వాళ్ల మాట నిజమే. అందుకే ముందు తుడవడం, తర్వాత పలచగా సిలికాన్ చల్లడం, మిగులు తుడిచేయడం. పేరున్న ఒక తయారీదారు సూచనల్లో, జాకీలు ఎక్కువకాలం దించి ఉంచితే వారానికి ఒకసారి, ఉప్పుగాలి ఉండే చోట్ల రెండు మూడు రోజులకు ఒకసారి రాడ్ మీద సిలికాన్ చల్లమని ఉంది. ఆయిల్ మట్టం చూసేటప్పుడు కూడా ఒక నియమం ఉంది: జాకీలన్నీ లోపల ఉన్నప్పుడే చూడాలి. దించి ఉండగా ట్యాంకులో తక్కువగా కనిపించింది కదా అని పోసేస్తే, లేపినప్పుడు సిలిండర్లలోని ఆయిల్ తిరిగి వచ్చి ట్యాంకు పొంగిపోతుంది. ఇవేవీ పెద్ద పనులు కావు. మొండికేసిన జాకీల్లో చాలావాటి వెనక ఉన్నది ఒక్కరోజులో వచ్చిపడిన లోపం కాదు. తుడవని రాడ్, గీకని బోల్టు, నీరసించిన బ్యాటరీ కొన్ని నెలలుగా చెబుతున్న మాటే ఆ రోజు పైకి వినిపిస్తుంది.

ఇందులో తయారీదారుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. కొన్ని బళ్లలో పంపు, వాల్వులు చెయ్యి అందని చోట, బండి అడుగున బిగించి ఉంటాయి. చేత్తో తెరిచే ఏర్పాటు ఉన్నా అక్కడికి చేరాలంటే వెళ్లకూడని చోటికే దూరాలి. ఆపద్ధర్మంగా పెట్టిన వాల్వు బయట నిలబడి తెరవగలిగే చోట ఉండాలి. ఏ వాల్వు ఏ మూల జాకీదో చెరగని అక్షరాలతో దాని పక్కనే రాసి ఉండాలి. బండి అద్దెకిచ్చే యజమానులు జాకీలు దించడం నేర్పడంతో ఆగకూడదు. తమ బండి జాకీలు స్ప్రింగులతో లేచేవో ఆయిల్‌తో లేచేవో చెప్పి, వాల్వు ఉన్న అర తలుపు తెరిచి చూపించాలి. అద్దెకు తీసుకునేవాళ్లు మొహమాటపడకుండా అది చూపించమని అడగాలి. అమ్మానాన్నలను, పిల్లలను వెంటబెట్టుకుని వందల మైళ్లు వెళ్లేవాళ్లకు ఆ పది నిమిషాల మాటలు బీమా కాగితం ఎంత అవసరమో అంత అవసరం.